బడాయి బాతు నుంచి విడుదల

"మన ఇంట్లో వాల్యూస్ లేవండీ! వెతికినా ఒక్కటి దొరకదు!"

వంటింట్లోంచి కృపావతి కేక వినపడేసరికి, వీధి అరుగు మీద కూర్చుని మోటారు మూత బిగిస్తున్న ప్రభుకుమార్ తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"వాల్వులా? ఎంత సైజుది కావాల? అంగుళన్నరా, రెండంగుళాలా? ప్లాస్టిక్కువి షాపులో నాలుగున్నాయి. ఇత్తడిదే కావాలంటే పాయకరావుపేట ఎల్లాల."

కృపావతి గరిటెతో సహా బయటికి వచ్చింది. పేరులో ఉన్న కృప ఆ సమయానికి ముఖంలో లేదు.

"వాల్వులు కాదు మహానుబావా, వాల్యూస్! విలువలు! మీ కూతురు మీ అమ్మని ఏటందో తెలుసా? 'ఓసి ముసలి తాబేలూ, బేగి జరుగు' అంది. నా చెవులతో నేను విన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల!"

ప్రభుకుమార్ చేతిలో స్పానరు ఆగిపోయింది.

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట రోడ్డు మీద ఉన్న ఎబెనేజరు మోటారు వైండింగ్ వర్క్స్ అతనిదే. రాగి తీగ చుట్టడం వృత్తి, చుట్టుపక్కల పది ఊళ్ళలో చుట్టాలు ఆస్తి, చుట్ట మాత్రం ముట్టడు. నలభై రెండేళ్ళ జీవితంలో అతను ఎక్కించింది మోటార్లని ఆటోలోకే తప్ప మందుని తలకి కాదు. ఆ శుక్రవారం అతని ప్రణాళిక కూడా చాలా చిన్నది: పది గంటలకల్లా ఈ మోటారు మాకవరపాలెం తీసుకెళ్ళి, సింహాద్రి గారి చెరకు తోటలో బోరులోకి దింపి, ఒంటిగంటకి ఇంటికొచ్చి చేపల పులుసుతో భోంచెయ్యడం.

ముసలి తాబేలు దెబ్బకి ఆ ప్రణాళిక ముందడుగు వెయ్యలేకపోయింది.

తాబేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి తెలుసు. టీవీలోంచి. ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించిన దగ్గర్నుంచీ హాల్లో 'బడాయి బాతు' అనే కార్టూను కాపురం పెట్టింది. ఆ బాతుకి బాతాఖానీ తప్ప వేరే పని లేదు. ముసలి తాబేలుని తిట్టడం, నక్కని ఏడిపించడం, చివర్న నూతిలో పడడం, మర్నాడు పొద్దున్న పదకొండు గంటలకి కొత్త భాగంలో ఈకైనా తడవకుండా లేచి రావడం. ప్రభుకుమార్ ఎప్పుడు ఇంట్లో అడుగుపెట్టినా తెర మీద బాతు, కూతురు జెన్నీ చేతిలో రిమోటు. పక్కనే అతని తల్లి సువర్ణమ్మ, ఒళ్ళో తెరిచిన బైబిలు. పాపం, ఆ గోలలో ఆవిడ చదువు ముందుకి సాగుతున్నట్టు లేదు. మూడు వారాలుగా అదే పేజీ.

మామూలు రోజుల్లో అయితే ప్రభుకుమార్ పిల్లని నాలుగు కసిరి ఊరుకునేవాడు. ఇవి మామూలు రోజులు కావు. వాళ్ళ చర్చి సంఘంలో సండే స్కూలు సూపరింటెండెంటు మార్కు మాస్టారు దిగిపోతున్నారు. డెబ్బై నాలుగేళ్ళ రిటైర్డు హెడ్మాస్టరు, ఊరందరికీ మార్కులు వేసిన మార్కు. ముప్ఫై ఒక్కేళ్ళు ఆయన కూర్చున్న కుర్చీ ఈ ఆదివారం కాక పై ఆదివారం కొత్తవాడికి ఇస్తారు. కుర్చీతో పాటు ఇత్తడి గంట, పుస్తకాల బీరువా తాళం, ఆరాధనలో ప్రార్థన చీటీలు చదివే హక్కు వస్తాయి. మార్కు మాస్టారి కంటే ముందు ఆ గంట కొట్టింది ప్రభుకుమార్ తండ్రి. కుర్చీలో పదకొండు నెలలే కూర్చుని కన్నుమూశాడు. అప్పుడు పదేళ్ళ కుర్రాడు ప్రభుకుమార్ చెవిలో పడిన ఆ గంట ఇంకా ఆగలేదు.

కమిటీ దగ్గర ఉన్నది అతని పేరొక్కటే. కానీ ఇంట్లో పిల్ల ముసలమ్మని తాబేలంటోందని తెలిస్తే, ఆ పేరు కూడా తాబేలులాగే తల లోపలికి లాక్కుంటుంది.

"రెండ్రోజులు టైమియ్యి. మంచి పుస్తకాలు, మంచి బొమ్మలు నేనే ఏరి తెత్తాను. పిల్లకి వాల్యూస్ నేను బిగిత్తాను" అన్నాడు ప్రభుకుమార్.

"బిగించేముందు మీకున్నాయో లేవో సూసుకోండి" అని కృపావతి లోపలికి వెళ్ళిపోయింది.

మోటారు అరుగు మీదే ఉండిపోయింది. సింహాద్రి గారికి ఫోను చేసి సోమవారం వస్తానన్నాడు. మార్కు మాస్టారిని అడిగి బీరువాలోంచి నాలుగు బొమ్మల బైబిలు కథల పుస్తకాలు తెచ్చుకుని, షాపులో కూర్చుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని ఎంపిక మొదలుపెట్టాడు. పిల్లకి చెప్పదగ్గ కథకి టిక్కు, తగనిదానికి ఇంటూ.

మొదటి పుస్తకం మూడో పేజీలో పండు దొంగతనం. ఆరో పేజీలో అన్న తమ్ముణ్ణి పొలంలో చంపేశాడు. ఇంటూ. తరవాత పెద్ద వాన, పెద్ద ఓడ. జంతువులు జతలు జతలుగా ఎక్కడం బాగుంది. టిక్కు పెట్టబోయి పేజీ తిప్పితే ఓడ దిగిన పెద్దాయన తప్పతాగి పడుకున్నాడు. టిక్కుని ఇంటూ చేశాడు. రెండో పుస్తకంలో ఒక తమ్ముడు చేతులకి మేకతోలు కట్టుకుని, చూపు మందగించిన తండ్రిని మోసం చేసి ఆశీర్వాదం కొట్టేశాడు. పైగా కథ చివర ఆ ఆశీర్వాదం అతని దగ్గరే ఉండిపోయింది. మూడో పుస్తకంలో పదిమంది అన్నలు కలిసి తమ్ముణ్ణి అమ్మేశారు. వడిసెల రాయితో రాక్షసుణ్ణి కొట్టిన కుర్రాడి మీద ప్రభుకుమార్‌కి చిన్నప్పణ్ణుంచీ అభిమానం. కానీ పక్కింటి కిటికీ అద్దాలు గుర్తొచ్చి ఆగాడు. ఆ కుర్రాడు పెద్దవాడై రాజయ్యాక మేడ మీద పచార్లు చేస్తూ ఎవరి స్నానం చూశాడన్నది పిల్లల పుస్తకం వాళ్ళు కూడా దాటేశారు. అతనూ దాటేశాడు.

సాయంత్రానికి నాలుగు పుస్తకాల్లో మిగిలింది ఒక్క చేప కథ. ఆ కథలో నీతి ఏమిటయ్యా అంటే, చెప్పిన పని ఎగ్గొట్టి పారిపోతే చేప మింగుతుంది. సింహాద్రి గారి మోటారు గుర్తొచ్చి ప్రభుకుమార్ పుస్తకం మూసేశాడు.

ఇంటి దగ్గర గోడ అవతల లోవలక్ష్మి కూడా ఇదే బాధలో ఉంది. ఆవిడ మనవడు గోపీకృష్ణది జెన్నీ క్లాసే.

"నీకేటి పెబూ, నీది బాతు. మాది దేవుడు" అంది ఆవిడ గోడ మీద మోచేతులు ఆనించి. "మంచి బుద్దులొత్తాయని సిన్ని దేవుడి బొమ్మలు పెట్టేను. మర్నాడే నెయ్యి డబ్బా కాళీ. ఒరే గుంటా, ఎవులు తిన్నారంటే, 'నోరు తెరుత్తాను, లోపల లోకాలు కనపడతాయి సూడు' అంతన్నాడు. సూసేను. లోపల నెయ్యే కనపడింది."

పుస్తకాలు లాభం లేదని ప్రభుకుమార్ శనివారం కార్టూన్ల మీద పడ్డాడు. నలభై రెండేళ్ళ మనిషి నడిరోడ్డు షాపులో కూర్చుని గొర్రెపిల్ల బొమ్మలు చూస్తుంటే ఎవరైనా నవ్వుతారు కదా. అందుకని షట్టరు సగం దించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వెనకవైపు కాలిపోయిన మోటార్ల మధ్య కూర్చున్నాడు. తప్పిపోయిన గొర్రెపిల్ల కథ దగ్గర అతనికి ఏడుపాగలేదు. అదే సమయానికి ఎదురు టీ కొట్టు కొండబాబు, రోజూలాగే టీ గ్లాసు పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి చూశాడు. చీకట్లో ఒక్కడే కూర్చుని, ఫోను చూస్తూ, కళ్ళు ఎర్రగా చేసుకుని, ముక్కు చీదుకుంటున్న ప్రభుకుమార్ కనిపించాడు. కొండబాబు టీ వెనక్కి తీసుకుపోయి తనే తాగేశాడు.

ఆదివారం గుడికి బయల్దేరేటప్పటికి కూడా హాల్లో బాతు నవ్వుతూనే ఉంది. ప్రభుకుమార్‌కి మార్గం ఒక్కటే కనిపించింది: ప్రార్థన చీటీ.

ఈ చీటీల సంప్రదాయం ఆ సంఘంలో ఉన్నదే. గుమ్మం దగ్గర చెక్క పెట్టె ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు రాసి అందులో వేస్తారు. పేర్లు రాయరు, వివరాలు రాయరు, పరువు ముఖ్యం. "ఒక సహోదరి", "ఒక కుటుంబం", "ఒక విషయం" అంటారు. ఆ ఒకరెవరో కనుక్కోవడమే తరవాత వారమంతా సంఘానికి పని.

ప్రభుకుమార్ జేబులో చెయ్యి పెడితే కాగితం దొరికింది. దాని మీద ఇలా రాశాడు: "మా ఇంటిలో ఒకరు ఒక చెడ్డ అలవాటునకు బానిసయ్యారు. విడుదల కొరకు, ఇంట సమాధానము కొరకు ప్రార్థించగలరు. ఒక సహోదరుడు."

విడుదల సినిమాలకైతే శుక్రవారం, సంఘంలో అయితే ఆదివారం. ఇక సమాధానం అంటే సంఘంలో శాంతి. మార్కు మాస్టారి దగ్గర మాత్రం సమాధానం అంటే ప్రశ్నకి రావలసిందే.

మార్కు మాస్టారికి శుక్లాలు. ఏ కాగితమైనా వెలుగుకి ఎదురుగా, ముక్కు ఎత్తున పట్టుకుని చదువుతారు. ఆయన ఈవైపు "ఒక చెడ్డ అలవాటునకు బానిసయ్యారు" అని గంభీరంగా చదువుతుంటే, ముందు నాలుగు వరుసలూ ఆవైపు అచ్చులో ఉన్నది చదివేశాయి: "ఎబెనేజరు మోటారు వైండింగ్ వర్క్స్. కాలిపోయిన మోటార్లు గ్యారంటీతో చుట్టబడును. ప్రో. ప్రభుకుమార్."

బిల్లు పుస్తకంలో కాగితం. ప్రభుకుమార్ జేబులో వేరే కాగితం ఎప్పుడుంది గనక?

నాలుగు వరుసలూ ఒకేసారి వెనక్కి తిరిగాయి. మార్కు మాస్టారు, ఏమిటా అని కాగితం తిప్పి చూసుకుని, దగ్గి, "ఆమెన్" అన్నారు.

అందరూ మనసులోనే లెక్క కట్టేశారు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. జెన్నీ పసిపిల్ల. సువర్ణమ్మ పెద్దావిడ, చేతిలో బైబిలు దించని మనిషి. కృపావతి స్త్రీల సమాజంలో పాటలు పాడుతుంది. మిగిలింది ఎవరు? ఆరాధన అయ్యాక కరచాలనం చేసినవాళ్ళంతా చెయ్యితో పాటు ముక్కు కూడా దగ్గరికి తెచ్చారు. ప్రభుకుమార్‌కి యాలక్కాయ నమిలే అలవాటు. ఆ పరిమళం తగలగానే ప్రతివాళ్ళూ పాపం అన్నట్టు భుజం తట్టి వెళ్ళిపోయారు. వాసన కప్పిపుచ్చడానికి కాకపోతే యాలక్కాయ ఎందుకు?

సోమవారం పొద్దున్న మోటారు ఆటోలో వేసుకుని మాకవరపాలెం వెళ్ళాడు. మూడు రోజులుగా నీళ్ళు లేక చెరకు ముఖం వేలాడేసింది, సింహాద్రి అంతకంటే. ప్రభుకుమార్ స్టార్టరు పెట్టె తెరవబోతే చెయ్యి అడ్డు పెట్టాడు.

"ఆగు బావూ. కరెంటు ముట్టుకోకు."

"ఏటండీ సింహాద్రిగారూ?"

"రేత్రి మా ఈదిలో మీ ఓళ్ళ ప్రార్దన జరిగింది. నీకోసరమే. మైకులో సెప్పినారు, పాపం తాగుడికి బానిసైపోనాడని. ఏదీ, ఓపాలి నా మొకం మీద ఊదు."

"ఊదడమేటండీ! నేను..."

"ఊదంతన్నానా?"

ప్రభుకుమార్ ఊదాడు. సింహాద్రి కళ్ళు మూసుకుని పరీక్షగా పీల్చాడు. "యాలక్కాయి! పొద్దున్న తొమ్మిదింటికే యాలక్కాయి! ఎల్లిపో నాయనా. మోటారు ఉంచీ, నువ్వు ఎల్లిపో. ఆరు అడుగుల బోరు గొయ్యి, అందులో మూడు ఫేజుల కరెంటు, నిన్ను సూత్తే ఒక ఫేజు పోయినట్టుంది."

వాడవాడలా జరిగే ఈ ఇంటి కూటాలకి సెల్ గ్రూపులని పేరు. నిజానికి సెల్లుకంటే అవే వేగం. మాకవరపాలెంలో తాగుడుగా బయల్దేరింది కృష్ణదేవిపేట చేరేసరికి తాగుడూ పేకాటా అయింది. బుధవారం పొద్దున్న పాయకరావుపేట నుంచి కృపావతి చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, నువ్వు పిల్లని తీసుకుని వచ్చేత్తన్నావంట కదా. ముందు గదిలో మంచం ఖాళీ చేసేను. బావ కొట్టేడా?"

"ఎవరు కొట్టేది? ఆ మనిషి దోమని కూడా కొట్టడు, తోల్తాడు!" అని ఫోను పెట్టేసి, కృపావతి భర్త వైపు తిరిగింది. "అసలేటి రాసేరండీ ఆ చీటీలో? 'మా పాప కార్టూన్లు ఎక్కువ సూత్తంది' అని రాత్తే సిరా అయిపోతాదా?"

"పేరు రాయకూడదు కదే..."

"పేరు రాయలేదు, అడ్రసు మాత్రం అచ్చేసి ఇచ్చేరు!"

నిజం చెప్పెయ్యాలని ప్రభుకుమార్ అనుకోకపోలేదు. ముందురోజు, మంగళవారం మార్కు మాస్టారు షాపుకి వచ్చినప్పుడు చెప్పబోయాడు కూడా. మాస్టారు స్టూలు మీద కూర్చుని, కర్ర మీద గడ్డం ఆనించి, పరీక్ష హాల్లో చూసినట్టు చూశారు.

"చూడు ప్రభూ, నేను తీర్పు తీర్చడానికి రాలేదు. ఒక్కటే ప్రశ్న. ఆ బానిస పెద్దవాళ్ళా, చిన్నవాళ్ళా?"

"అంటే... ఎవరైతే ఏటండీ మాస్టారూ?"

"తేడా ఉంది. పెద్దవాళ్ళ బలహీనత అయితే క్షమిస్తాం, ప్రార్థిస్తాం, కమిటీకి నచ్చజెప్తాను. పిల్ల విషయమే అయితే మాత్రం ఆ కుర్చీ సంగతి మరిచిపో. ఇంట్లో ఒక్క పిల్లని దిద్దుకోలేనివాడు అరవైమందిని ఏం దిద్దుతాడు?"

తండ్రి గంట ప్రభుకుమార్ చెవిలో ఖంగుమంది. జెన్నీ ముఖం కళ్ళ ముందు కదిలింది. సంఘమంతా ఆ పిల్లని వేలెత్తి చూపించడం కూడా. అబద్ధం ఆడేశాడు.

"పెద్దోళ్ళ బలహీనతేనండి."

మార్కు మాస్టారు లేచి అతని తల మీద చెయ్యి పెట్టారు. "ఒప్పుకున్నావు. సగం విడుదల అయిపోయింది. మిగతా సగానికి శనివారం మీ ఇంట్లో ఉపవాస ప్రార్థన."

ఉపవాస ప్రార్థన అంటే మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉపవాసం. ఒంటిగంటకి ఆ ఇంటివాళ్ళు పెట్టే పలావు. ఆ రెండో భాగానికే జనం ఎక్కువ వస్తారు. కృపావతి ఆరు కేజీల చికెన్ చెప్పించి, ఉల్లిపాయలు తరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవో, ఉక్రోషానివో అడిగే ధైర్యం ప్రభుకుమార్‌కి లేకపోయింది.

శనివారం పదకొండున్నరకి హాలు నిండిపోయింది. అయ్యగారని అందరూ పిలిచే పాస్టరు గారు, మార్కు మాస్టారు, ఐదుగురు కమిటీవాళ్ళు, గలగలమనే తంబురాలతో స్త్రీల సమాజం, దాని నాయకురాలు బుల్లమ్మ. గుమ్మంలో కొండబాబు సాక్షిలాగా నిలబడ్డాడు. మోటారు ఇంకా గట్టు మీదే ఉందని చెప్పడానికి సింహాద్రి వచ్చాడు. లోవలక్ష్మి గోడ దాటి వచ్చి, ప్రభుకుమార్ జేబులో ఒక నిమ్మకాయ కుక్కింది.

"లోవ తల్లికి మొక్కేను పెబూ. మీ దేవుడికి పనెక్కువుంటే మా తల్లి కూడా ఓ సెయ్యి ఏత్తాది. ఎవులికీ సెప్పకు."

సువర్ణమ్మ మాత్రం మూల కుర్చీలో చెమటలు పట్టి కూర్చుంది. కొడుకు కోసం తల్లి పడే వేదన అనుకుని బుల్లమ్మ ఆవిడకి విసనకర్ర విసిరింది.

రెండు పాటలయ్యాక మార్కు మాస్టారు లేచారు. "దాచినదాన్ని బయటపెట్టడం విడుదలకు మొదటి మెట్టు. ప్రభూ, ఎక్కడ దాచావు?"

"ఏటి దాచేనండీ?"

గుమ్మంలోంచి కొండబాబు అందుకున్నాడు. "షాపులోనండీ. షట్టరు సగం దించేసి, ఎనక్కాల సీకట్లో. నా కల్లారా సూసేను. ఒక్కడే నవ్వుతాడు, ఒక్కడే ఏడుత్తాడు."

అప్పుడే ఒంటిపూట బడి నుంచి జెన్నీ, గోపీకృష్ణ బ్యాగులతో వచ్చి ఆ జనాన్ని చూసి నిలబడిపోయారు. మార్కు మాస్టారికి పిల్లల చేత నిజం చెప్పించడంలో ముప్ఫై అయిదేళ్ళ అనుభవం ఉంది.

"ఇలా రా తల్లీ. అబద్ధం ఆడకూడదు. మీ నాన్న షట్టరు దించుకుని ఏం చేస్తారో నీకు తెలుసా?"

"తెల్సు సార్. ఫోన్లో బొమ్మలు సూత్తారు."

"ఓలమ్మో!" అని బుల్లమ్మ విసనకర్ర వదిలేసింది. కమిటీలో ఇద్దరు కళ్ళు మూసుకున్నారు. తాగుడు, పేకాట, ఇప్పుడు ఇది కూడానా!

"గొర్రిపిల్ల బొమ్మలు" అంది జెన్నీ. "నాకు మంచివో కాదో ముందు ఆయన సూత్తారంట. నాన్నా, వీళ్ళంతా నిన్నెందుకు తిడతన్నారు? నువ్వేటి సేసేవు?"

ఆ ప్రశ్నకి ప్రభుకుమార్ దగ్గర అబద్ధం లేదు. లేచి నిలబడ్డాడు. కమిటీ వైపు ఒకసారి, గోడ మీద తండ్రి ఫోటో వైపు ఒకసారి చూశాడు.

"కుర్చీ పోతే పోనీండి. నేను తాగనండి. అది బాతండి."

"బాతా?" అన్నారు అయ్యగారు.

"సారాలోకి బాతు నంజుకుంటాడు కాబోల్ను" అన్నాడు సింహాద్రి.

"కాదండీ! టీవీలో బాతు! బడాయి బాతు! పిల్ల దానికి అలవాటు పడిపోయింది. మామ్మని తాబేలంటంది. మంచి బుద్ధులు నేర్పే పుస్తకాలు, బొమ్మలు ఏరదామని కూసున్నాను. కుదర్లేదు. అందుకే చీటీ రాసేను. ఆ 'ఒకరు' నేను కాదు. మాస్టారూ, మీకు నేను అబద్ధం చెప్పేను. పెద్దోళ్ళ బలహీనత కాదు. మా జెన్నీ."

జెన్నీ బ్యాగు దబ్బున కింద పడింది.

"నేను కాదు! నేనసలు సూడను! నాకు బోరు కొట్టేసి రెండు నెలలైంది! మామ్మే నన్ను కూసోబెడతాది, నక్క వచ్చినప్పుడు బయమేత్తాదని. నువ్వొచ్చిన సప్పుడైతే రిమోటు నా సేతిలో పెట్టేత్తాది. తాబేలని కూడా మామ్మే పిలవమంది. ఆటలో నేను బాతు, ఆవిడ తాబేలు."

"జెన్నీ! మామ్మ మీద చాడీలా?" అన్నాడు ప్రభుకుమార్.

"కావాలంటే టీవీ పెట్టి సూడు!"

కృపావతి చెయ్యి తుడుచుకుని వచ్చి టీవీ పెట్టింది. తెర మీద సగంలో ఆగిన బొమ్మ కదలడం మొదలుపెట్టింది. బడాయి బాతు, నూట నలభై రెండో భాగం. ఆ పొద్దున్న పదకొండు గంటలకి కొత్తగా వచ్చింది. పదకొండు గంటలకి జెన్నీ బళ్ళో ఉంది. ప్రభుకుమార్ చికెన్ షాపులో ఉన్నాడు. కృపావతి పొయ్యి దగ్గర ఉంది.

తలలన్నీ మూల కుర్చీ వైపు తిరిగాయి.

సువర్ణమ్మ బైబిలు మూసింది. మూడు వారాల తరవాత ఆ పేజీకి విశ్రాంతి దొరికింది. "ఔను. నేనే" అంది తల వంచుకుని. "ఉదయం అందరూ ఎవరి పనికి ఆళ్ళు ఎల్లిపోతారు. ఇంట్లో నేనూ, గోడలూ. మొదట పిల్లతో పాటు సూసేను. తరవాత పిల్ల మానేసింది, నేను మాననేకపోనాను. నా కొడుకు తాగుబోతని ఊరంతా అంటంటే గొంతుదాకా వచ్చింది. డెబ్బై ఏళ్ళ ముసల్ది బాతు సూత్తాదని ఏ మొకం పెట్టుకుని సెప్పను?"

టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. తెర మీద నక్క చెట్టు చాటుకి నక్కింది. బుల్లమ్మ తంబురా ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగింది. సింహాద్రి గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చున్నాడు. అయ్యగారి పెదవుల మీద ప్రార్థన ఆగిపోయింది. తాబేలు నూతి గట్టు ఎక్కుతుంటే కమిటీలో ఒకాయన, "అయ్యో, అటు కాదు" అన్నాడు.

"కంగారేం లేదు" అన్నారు మార్కు మాస్టారు తెర మీంచి చూపు తిప్పకుండా. "తాబేలు పడదు. చివర్లో తాడు తెగి బాతే పడుతుంది. అప్పుడు నక్క వచ్చి..."

అక్కడ ఆగారు. హాలంతా ఆయన్నే చూస్తోంది. పదకొండు గంటలకి వచ్చిన భాగం. ఇంకా పన్నెండు దాటలేదు.

"దారిలో... ఆటోలో... ఎవరో చూస్తుంటే..." అన్నారు మాస్టారు.

"ఆటోలో ఎనక సీట్లో నేనే కూసున్నానండి" అంది బుల్లమ్మ. "ఫోను మీ సేతిలోనే ఉంది. బైబిలు వాక్యం సదూతన్నారనుకున్నాను."

నవ్వింది ముందు లోవలక్ష్మి. తరవాత సువర్ణమ్మ. ఆ తరవాత తంబురాలు కూడా నవ్వినట్టే మోగాయి. అయ్యగారు కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో ఉన్న కొండబాబుకి కూడా వినపడేలా, వచ్చిన వాళ్ళందరికీ మొదట్నుంచీ విడమరచి చెప్పారు: తాగుడు లేదు, పేకాట లేదు, కృపావతి ఎక్కడికీ వెళ్ళడం లేదు, యాలక్కాయ యాలక్కాయే, షట్టరు వెనక ఏడ్చింది గొర్రెపిల్ల కోసం, చీటీలో 'ఒకరు' ఈ పెద్దావిడ. "పెద్దవాళ్ళ బలహీనత అని ప్రభుకుమార్ అబద్ధం ఆడాననుకున్నాడు. పాపం, అదొక్కటే నిజం చెప్పాడు" అన్నారు. సింహాద్రి లేచి, సాయంత్రమే వచ్చి మోటారు దింపమన్నాడు, ఈసారి ఊదమనలేదు.

"మరి కుర్చీ?" అంది కృపావతి పలావు గిన్నె మీద చెయ్యి వేసి, ఆ సంగతి తేలేదాకా మూత తియ్యనన్నట్టు.

మార్కు మాస్టారు సంచిలోంచి ఇత్తడి గంట తీసి ప్రభుకుమార్ చేతిలో పెట్టారు. "పిల్లని దిద్దుకున్నట్టే ఉంది. మామ్మ చెప్పినట్టు ఆడింది, నిలదీస్తే నిజం చెప్పింది. నువ్వు ఏ పుస్తకం ఎంచావో నాకు తెలియదు కానీ, అదే అందరికీ చెప్పు."

"ఏ పుస్తకమూ ఎంచలేదండి" అన్నాడు ప్రభుకుమార్.

"అయితే అదే పద్ధతి కొనసాగించు."

మర్నాడు ఆదివారం ప్రభుకుమార్ తన తండ్రి కొట్టిన గంట కొట్టి, తండ్రి కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆరాధనలో లేచి, పెట్టెలో పడిన మొదటి చీటీ ఎత్తి పట్టుకుని చదివాడు: "ఒక వృద్ధ సహోదరుడు ఒక పక్షికి బానిసయ్యారు. విడుదల కొరకు ప్రార్థించగలరు."

పేరు లేదు. ముందు నాలుగు వరుసలూ మాత్రం ఆవైపు అచ్చులో ఉన్నది చదువుకున్నాయి: "ఎనిమిదో తరగతి, సి సెక్షను, అర్ధ సంవత్సర పరీక్షలు, మార్కుల పట్టిక."